రక్షణవ్యయము: నూటికెంత?

గోదావరి నడిమి దీవిలో, దేవకూటాద్రిపై వీరభద్రుడు వెలసిన క్షేత్రమును పట్టిసీమ యందురు. దక్షయజ్ఞధ్వంసానంతరము స్వామి తన పట్టిసమను ఆయుధమును ఈ నదిలో కడిగెననియు, అందుచేతనే ఈ తావునకు ఆ పేరు కలిగెననియు స్థలపురాణము చెప్పుచున్నది. ఆయుధము పేర వెలసిన ఆ యూరి చెంతనే 2015వ సంవత్సరమున ఎత్తిపోతల పథకమొకటి నెలకొల్పబడినది. గోదావరి వరదనీటిని పోలవరము కుడికాలువలోనికి తోడి కృష్ణకు చేర్చుటకు అందు 24 పంపులు అమర్చబడినవి. ప్రభుత్వము దానికై మొదట మంజూరు చేసిన మొత్తము 1,300 కోట్ల రూపాయలు. కత్తి కడిగిన నీరే చేను తడుపు నీరైన ఈ తావున నిలిచి చూచువానికి ఒక ప్రశ్న తోచక మానదు. ఒక జాతి తాను ఆర్జించినదానిలో కత్తికెంత, కాలువకెంత వెచ్చింపవలెను?

ఈ ప్రశ్ననే మన గ్రంథాలయములలో పత్రిక చేతబట్టిన పెద్దలు నేడు మరియొక రూపమున అడుగుచున్నారు. దేశపు మొత్తము ఉత్పత్తిలో రక్షణకై నూటికెంత వెచ్చించుచున్నాము? ఫలానా దేశము ఏడు వెచ్చించుచున్నదట, మనము రెండైనను వెచ్చించుట లేదట, ఇది చాలునా యని ఒక పక్షము. తిండికి, చదువునకు, వైద్యమునకు చాలని దేశమున ఆ రెండు మాత్రమెందుకని ఇంకొక పక్షము. పార్లమెంటు స్థాయీసంఘము సైతము నూటికి మూడైన నుండవలెనని సలహా చెప్పియున్నది. ఇరుపక్షముల వారును ఒక్క అంకెనే పట్టుకొని వాదించుచున్నారు. ఆ అంకె దేనిని కొలుచుచున్నదో, దేనిని కొలువలేదో ముందుగా తెలిసికొననిచో ఈ వాదము తెగునది కాదు.

నూటికింత యనునది రెండు అంకెల సంబంధము. పైన నుండునది రక్షణకై పెట్టిన ఖర్చు. క్రింద నుండునది ఆ యేడు దేశమంతయు ఉత్పత్తి చేసిన సరకుల యొక్కయు సేవల యొక్కయు విలువ. ఈ కొలతకు గొప్ప సౌకర్యమొకటి కలదు. రూపాయలను రూపాయలతోడను, డాలర్లను డాలర్లతోడను భాగించుటచే నాణెముల మారకపు చిక్కు లేకుండ పెద్దదేశమును చిన్నదేశమును ఒక్క వరుసలో నిలుపవచ్చును. పండితులు దీనిని ఆదరించుటకు కారణమిదియే. కాని సౌకర్యమైన కొలత యెల్ల సరియైన జవాబీయజాలదు. కుంచముతో ధాన్యము కొలువవచ్చును గాని బట్ట కొలువరాదు గదా!

కోనసీమ తోటలను తలచుకొందము. ఒక రైతునకు ఎకరము తోట కలదు. ఏటికి ఏబదివేలు వచ్చును. అందు అయిదువేలు కంచెకు పెట్టెను. అనగా నూటికి పది. వేరొకనికి పదియెకరములు కలవు. అయిదులక్షలు వచ్చును, అందు ఇరువదియైదువేలు కంచెకు పెట్టెను. అనగా నూటికి అయిదు. ఎవని భారమెక్కువ? మొదటివానిది. ఎవని కంచె గట్టిది? రెండవవానిది. తోట వైశాల్యము నాలుగింతలైనను దాని చుట్టుకొలత రెండింతలే యగును గనుక పెద్దతోట గలవానికి ఈ సదుపాయము సహజముగనే కలుగును. ఇక మూడవవాడున్నాడు. వాని తోట అడవిపందులు తిరుగు కొండవాలున నున్నది. వాడు నూటికి ఇరువది పెట్టినను వానికి రాత్రి నిద్ర లేదు. భారము వేరు, బలము వేరు, భద్రత వేరు. నూటికింత యను అంకె వీనిలో మొదటిదానిని మాత్రమే కొలుచును. తక్కిన రెంటిని గూర్చి అది మౌనము వహించును.

లోకమును చూచిన ఈ మాట స్పష్టమగును. స్వీడను రాజధానియగు స్టాక్‌హోమునందలి శాంతిపరిశోధన సంస్థ, సిప్రీ, ప్రకటించిన 2024వ సంవత్సరపు లెక్కలలో ప్రపంచ సైనికవ్యయము 2,71,800 కోట్ల డాలర్లు. లోకపు ఉత్పత్తిలో అది నూటికి 2.5. అమెరికా 99,700 కోట్ల డాలర్లు, నూటికి 3.4. చైనా ఖర్చు 31,400 కోట్ల డాలర్లని ఆ సంస్థ అంచనా. అది నూటికి 1.7 మాత్రమే. భారతదేశము 8,610 కోట్ల డాలర్లు, నూటికి 2.3. పాకిస్తాను 1,020 కోట్ల డాలర్లు, నూటికి 2.7. రష్యా 14,900 కోట్ల డాలర్లు, నూటికి 7.1. ఉక్రెయిను 6,470 కోట్ల డాలర్లు, నూటికి 34.

ఈ వరుసను నూటికింత చొప్పున మాత్రమే చదువువాడు ఏమనుకొనును? పాకిస్తాను మనకంటె బలవత్తరమనియు, చైనా మనకంటె దుర్బలమనియు అనుకొనవలసి వచ్చును. వాస్తవమట్లు లేదు. పాకిస్తాను మనకంటె పెద్ద భాగము వెచ్చించియు మన ధనములో ఎనిమిదవవంతు మాత్రమే వెచ్చింపగలిగినది. చైనా మనకంటె చిన్న భాగము వెచ్చించియు మూడున్నర రెట్లకు పైబడి వెచ్చించినది. చైనా పెట్టిన మొత్తమును మనము పెట్టదలచినచో ఆ యేటి మన ఉత్పత్తిలో నూటికి ఎనిమిదికి మించి తీసి యీయవలసియుండెడిది. బడులను, కాలువలను, ఆసుపత్రులను మూసివేసినగాని అది సాధ్యము కాదు. మూసివేసిన పిమ్మట కాపాడుకొనవలసినదేమి మిగులును? చైనా బలమునకు మూలము పై అంకెలో లేదు, క్రింది అంకెలో నున్నది. నలువదియేండ్లుగా పొలమునను, కర్మాగారమునను, బడిలోను పెంచుకొన్న సంపద దానికి చేయూతయై నిలిచినది.

జపాను చరిత్రయు ఈ పాఠమునే చెప్పును. 1976లో ఆ దేశపు మంత్రివర్గము రక్షణవ్యయము నూటికి ఒకటి మించరాదని హద్దు గీచినది. ఒక్కటే అయినను, ఉత్పత్తి అపారముగ పెరిగిన దేశమగుటచే ఆ ఒక్కటితోనే ఆసియాలో లెక్కింపదగిన నౌకాబలమును, విమానబలమును సమకూర్చుకొన్నది. ఇరుగుపొరుగున భయము పెరిగిన పిమ్మట, 2022లో, 2027 నాటికి దానిని రెండు చేయవలెనని నిశ్చయించినది. ఇక ఉక్రెయిను నూటికి ముప్పదినాలుగు వెచ్చించుట దాని ఐశ్వర్యమునకు గుర్తు కాదు. ఇంటికి నిప్పంటుకొన్నవాడు ఇంటనున్న నీరంతయు కుమ్మరించుట వంటిది. ఆ అంకెను చూపి మరియొక దేశమునకు బుద్ధి చెప్పుట న్యాయము కాదు.

క్రింది అంకె కదలినను నూటికింత యనునది మారునని కూడ మరువరాదు. 2020లో కరోనా మహమ్మారి వలన లోకమంతట ఉత్పత్తి కుంగిపోయెను. ఆ యేడు ప్రపంచ సైనికభారము నూటికి 2.2 నుండి 2.4కు ఎక్కినది. పెరుగుటకు ముఖ్యకారణము పంట తగ్గుటయే గాని కంచె పెరుగుట కాదు. మన దేశమున దీనికి విపర్యయము జరిగినది. 2013-14లో రక్షణశాఖకు కేటాయించినది 2.53 లక్షల కోట్ల రూపాయలు, 2025-26లో 6.81 లక్షల కోట్లు. రూపాయలు రెండున్నర రెట్లు మించినవి. నూటికింత యనునది మాత్రము రెండుంబావు ప్రాంతమునుండి 1.9కి దిగినది. రూపాయలు చూపి ప్రభుత్వపక్షము పెంచితిమనును. వంతు చూపి ప్రతిపక్షము తగ్గించితిరనును. ఇద్దరు చెప్పునదియు నిజమే. అర్ధసత్యములు రెండు కలిసినను పూర్ణసత్యము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా?

1962లో చైనాతో యుద్ధము వచ్చుటకు ముందు మన రక్షణవ్యయము ఇంచుమించు నూటికి రెండుండెను. యుద్ధానంతరము రెండేండ్లలోనే అది దాదాపు ఇనుమడించెను. ఆపద ముంచుకొని వచ్చినపుడు బావి త్రవ్వుట యెంత ప్రియమో ఆ యేండ్లు మనకు నేర్పినవి. కావున వంతు తక్కువగా నున్నంత మాత్రమున మురిసిపోదగదు. ఎక్కువగా నున్నంత మాత్రమున నిశ్చింతగా నిదురింపదగదు.

ఇక పై అంకె మాట. మన దేశము 2024లో 2.3 వెచ్చించెనని సిప్రీ చెప్పినది గదా, 2025-26 కేటాయింపు 1.9 అని మన ప్రభుత్వము చెప్పుచున్నది గదా, ఈ భేదమెక్కడిదని పాఠకులు అడుగవచ్చును. ఏడు వేరగుట కొంత కారణము. ఏది రక్షణయో నిర్ణయించుటలో భేదముండుట ముఖ్యకారణము. సరిహద్దులను కాచు అర్ధసైనికదళములు మన దేశమున హోంశాఖ క్రింద నున్నవి. సిప్రీ వారి ఖర్చును కూడ చేర్చుకొనును. రక్షణశాఖ పట్టికలో అది యుండదు. నాటో కూటమి రాజ్యములు 2014లో వేల్సునందు సమావేశమై నూటికి రెండు లక్ష్యమనిరి. 2025 జూనులో హేగు నగరమున కూడి, 2035 నాటికి అయిదు చేయుదుమని ప్రతిన పట్టిరి. ఆ అయిదులో మూడున్నర మాత్రమే నేరుగా సేనలకు; తక్కిన ఒకటిన్నరలో వంతెనలు, రేవులు, కంప్యూటరు జాలముల కాపుదల మున్నగునవి చేరును. రోడ్డు వేసి దానిని సైన్యపు పద్దున వ్రాసినచో వంతు పెరుగును. అదే రోడ్డును రవాణా పద్దున వ్రాసినచో తగ్గును. రోడ్డు మాత్రము రోడ్డే.

ఈ చిక్కు గోదావరి మండలమునకు క్రొత్తది కాదు. 1847లో మొదలిడి 1852లో ధవళేశ్వరము ఆనకట్టను ముగించిన ఆర్థర్ కాటన్ ఎవరు? మద్రాసు సైన్యపు ఇంజనీర్ల దళమునకు చెందిన అధికారి. సైన్యములో చేరినవాడు డెల్టాకు అన్నదాత యయ్యెను. ఆయన పనిని ఏ పద్దున వ్రాయుదము? సైన్యమా, సేద్యమా? పద్దు పేరును బట్టి ప్రయోజనమును నిర్ణయింపరాదనుటకు ఈ ఆనకట్టయే సాక్షి.

ఇంతవరకు వంతు మాట. ఇప్పుడు ఆ వంతు లోపలికి ప్రవేశింతము. 2025-26 బడ్జెటులో రక్షణశాఖకు కేటాయించినది 6,81,210 కోట్ల రూపాయలు. కేంద్రప్రభుత్వపు మొత్తము వ్యయములో ఇది నూటికి 13.45. ఆ యేటి దేశోత్పత్తి దాదాపు 357 లక్షల కోట్లుండునని బడ్జెటు అంచనా. అనగా దేశము నూరు రూపాయలు గడించినచో ఒక రూపాయి తొంబది పైసలు రక్షణశాఖకు చేరును. అందులో పింఛనులను తీసివేసినచో ఒక రూపాయి నలువదియారు పైసలు. క్రొత్త ఓడలకు, విమానములకు, ఫిరంగులకు, నిర్మాణములకు ఉద్దేశించిన మూలధనవ్యయమును మాత్రమే లెక్కించినచో ఏబది పైసలు! ఒక్క దేశము, ఒక్క సంవత్సరము, ఒక్క బడ్జెటు, జవాబులు మూడు. నూటికెంత యని అడుగువాడు ఏది నూటికెంత యని కూడ అడుగవలసియున్నది.

రక్షణశాఖకు చేరిన నూరు రూపాయలను మరల విడదీసినచో, జీతములకును దినదిన నిర్వహణమునకును 45.76, మూలధనవ్యయమునకు 26.43, పింఛనులకు 23.60, శాఖలోని పౌరసంస్థలకు 4.21. నూటికి మూడు కావలెనని కోరువారు ఈ నాలుగు కుప్పలలో దేనిని పెంచగోరుచున్నారో చెప్పరు. తగ్గింపవలెననువారు దేనిని తగ్గింపగోరుచున్నారో చెప్పరు.

పింఛనుల కుప్పను చూపి కొందరు, ఇది ఆయుధము కాదు, దండుగ యనుచున్నారు. ఈ మాటను మేము అంగీకరింపజాలము. తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరము గ్రామమును జనులు మిలటరీ మాధవరమందురు. రెండు ప్రపంచయుద్ధముల నాటినుండి ఆ యూరివారు తరతరములుగా సైన్యములో చేరుచున్నారు. తాత, తండ్రి, కొడుకు వరుసగా కొలువు చేసిన ఇండ్లక్కడ నున్నవి. అట్టి ఊళ్ళకు నెలనెలకు చేరు పింఛను దానము కాదు. యౌవనమును దేశమునకిచ్చినవానికి దేశము తీర్చుకొను ఋణము. ఋణమును ఖర్చు లెక్కలో చూపవచ్చును గాని బలము లెక్కలో చూపరాదు. సమానపదవికి సమానపింఛను పద్ధతిని 2015లో ప్రకటించినప్పుడు ఆ న్యాయము జరిగినది. దానితో ఈ కుప్పయు పెరిగినది. 2022 జూనులో ప్రభుత్వము అగ్నిపథ పథకమును తెచ్చినది. దాని క్రింద చేరిన యువకులలో నూటికి ఇరువదియైదుగురికి మించకుండ నిలుపుకొని, తక్కినవారిని నాలుగేండ్ల పిమ్మట ఒక మొత్తమిచ్చి, పింఛను లేకుండ ఇంటికి పంపుదురు. సైన్యమునకు యౌవనము వచ్చుననియు, ముందుముందు భారము తగ్గుననియు ఒక వాదము. నాలుగేండ్లలో నేర్చినది సరిపడదనియు, తిరిగివచ్చినవానికి బ్రతుకుతెరువు చూపవలెననియు వేరొక వాదము. రెంటిలోను విచారింపదగినది కలదు. కాని నూటికింత యను అంకె ఒక్క పాయింటు దిగినపుడు ఏ యూరి యువకుని జీవితము మారుచున్నదో తెలిసికొనకయే లెక్క సరిపడెనని చంకలు గ్రుద్దుకొనుట మాత్రము తగదు.

కాలువ పక్షమువారి వాదమును ఇంకను బలముగా చెప్పవచ్చును. 2025-26 కేటాయింపును దినములచే భాగించినచో రోజునకు 1,866 కోట్లగును. పట్టిసీమ పథకమునకు మొదట మంజూరైన మొత్తము ఒక్క దినపు రక్షణవ్యయమునకు చాలదు. ధరల భేదమును లెక్కించినను ఈ పోలిక మనసును కలచివేయును. ఒకనాటి ఖర్చుతో ఒక నదిని మరియొక నదితో కలుపవచ్చునన్నచో కత్తిని మెచ్చువాడెవడు? అయినను ఈ పోలికలో ఒక లోపము కలదు. కాలువ త్రవ్వినవాడు దానిని అనుభవించుట కాపున్నపుడే గదా! కంచె లేని చేను పండినను ఇంటికి రాదు.

ఈ తీరము ఆ సంగతి నెరుగును. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. అంతకుముందు దశాబ్దముల తరబడి ఈ దేశపు రాబడిలో సింహభాగమును సైన్యము మ్రింగుచుండెను. అంత వెచ్చించినను ఆనాడు కోరమండల తీరమునకు కాపు కరవయ్యెను. ఏల? ఆ సైన్యము పరప్రభుత్వపు అవసరములకు, వాయవ్య సరిహద్దునకు, సముద్రములకావలి యుద్ధములకు ఉద్దేశింపబడినది గాని గోదావరి జిల్లా జాలరివాని ఇంటికి కాదు. పెద్దవంతు వెచ్చించుటయే రక్షణమైనచో ఆ రోజు కాకినాడకు భయముండకూడదు. స్వాతంత్ర్యానంతరము విశాఖయే తూర్పు నౌకాదళమునకు కేంద్రమైనది. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఆ రేవు ముంగిటనే మునిగిపోయినది. ఎంత వెచ్చించిరనుటకంటె ఎవరికై, ఎచట, దేనికై వెచ్చించిరను ప్రశ్న ముఖ్యమని ఈ రెండు సంఘటనలు చెప్పుచున్నవి.

ఈ ప్రశ్న నడుగుట మన పెద్దలు మనకిచ్చిన విద్య. 1885 డిసెంబరులో బొంబాయిలో కూడిన మొట్టమొదటి కాంగ్రెసు, తలపెట్టిన సైనికవ్యయవృద్ధి అనవసరమనియు, దేశపు రాబడిని బట్టి చూడ మితిమీరినదనియు తీర్మానించెను. 1897లో వెల్బీ సంఘము నెదుట గోఖలే దానినే విమర్శించెను. ఆనాటివారు రాబడితో పోల్చిరి గాని దేశోత్పత్తితో పోల్చలేదు. ఏలయన, పరప్రభుత్వము దేశమెంత గడించుచున్నదో లెక్క చెప్పుటకు ఇష్టపడలేదు. దాదాభాయి నౌరోజీ తానుగా కూర్చుండి 1867-68 అంకెలను బట్టి తలకు సాలుకు ఇరువది రూపాయలని లెక్కగట్టెను. ఆ ఇరువది రూపాయల పక్కన సైనికవ్యయమును నిలిపినపుడే దేశము దాని బరువును గ్రహించెను. నేడు మనము నూటికింత యని సులువుగా పలుకు మాటకు వెనుక అట్టి మహనీయుల శ్రమ యున్నది. క్రింది అంకెను కనుగొనుటయే వారికొక స్వాతంత్ర్యపోరాటము.

1919 చట్టము వచ్చిన పిమ్మటను రక్షణవ్యయముపై కేంద్రశాసనసభకు వోటు లేకుండెను. 1923లో ఇంచ్‌కేప్ సంఘము తగ్గింపుమని చెప్పినపుడును ప్రజాప్రతినిధులు చర్చింపగలిగిరే గాని నిర్ణయింపలేకపోయిరి. వోటు లేకయే వారు అడిగిరి. ప్రతి యేడును అడిగిరి. అంకెలు చేతబట్టుకొని అడిగిరి. నేడు వోటున్నది. రక్షణశాఖ కోరికను త్రోసిపుచ్చు అధికారము సైతము లోకసభకు కలదు. జరుగుచున్నదేమి? 2018లోను, 2023లోను బడ్జెటు సమావేశములు గందరగోళమున గడచి, శాఖల కోరికలన్నియు గిలెటిన్ అను పద్ధతిచే చర్చ లేకయే ఆమోదము పొందినవి. లక్షల కోట్ల రూపాయలు ఒక్క మాట లేకుండ దాటిపోయినవి. ఇందు అన్ని పక్షములకును పాలు కలదు. హక్కు లేనినాడు తాతలు అడిగిన ప్రశ్నను హక్కున్ననాడు మనుమలు మానుకొనుట కంటె సిగ్గుచేటు వేరొకటి యున్నదా?

రహస్యమను మాటను ఇచ్చట అడ్డు తేవలదు. ఏ కొండపై ఏ ఫిరంగి యున్నదో మేము అడుగుట లేదు. అడుగునది నాలుగు సంగతులు. ఒకటి, రక్షణవ్యయమును పింఛనులతో, పింఛనులు లేకుండ, అర్ధసైనికదళములతో చేర్చి మూడు విధములుగను దేశోత్పత్తిలో నూటికెంతయో ప్రభుత్వమే ఏటేట ఒక పుటలో ప్రకటింపవలెను. రెండు, మూలధనమునకు కేటాయించినదానిలో ఏడు ముగియునప్పటికి ఎంత వెచ్చించిరో, ఎంత మిగిలినదో, ఏ కొనుగోలు ఎన్నేండ్లుగా ఆగియున్నదో తెలుపవలెను. మూడు, ఈ శాఖ కోరికపై లోకసభ ప్రతి యేడును తప్పక చర్చింపవలెను. నాలుగు, ఆ పుట తెలుగుతో సహా దేశభాషలన్నిట వెలువడవలెను. పన్ను తెలుగున కట్టువానికి లెక్క తెలుగున చెప్పుట మర్యాద.

ఇక వంతు ఎంత యుండవలెనని మమ్మడిగినచో, ఒక అంకెను నిర్ణయించి గోడకు మేకు కొట్టుట మాకు సమ్మతము కాదు. అవసరమును ముందు లెక్కింపవలెను. ఆ అవసరమునకు సొమ్మెంతయో తరువాత తేల్చవలెను. నూటికెంతయో చిట్టచివర తెలియును. మూడు కావలెనని ముందే నిశ్చయించి దానికి తగినట్లు ఖర్చు వెదకుట, చెప్పుకొలదిని బట్టి కాలు కోసికొనుట వంటిది. రెండు చాలునని ముందే నిశ్చయించి ఆపదను కుదించి చూచుటయు అట్టిదే.

ఆదికవి నన్నయ రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువున తెనిగించిన పర్వములలో సభాపర్వమొకటి. ఆ పర్వకథలో నారదుడు ధర్మరాజు సభకు వచ్చి రాజ్యక్షేమమును అడుగును. నీ వ్యయము ఆదాయములో నాలవవంతో, సగమో, ముప్పాతికయో, హద్దులో నున్నదా యని అడుగును. సైనికులకు జీతమును బత్తెమును తగిన కాలమున అందుచున్నవా యని అడుగును. రాజ్యమున చెరువులు నిండియున్నవా, సేద్యము వానపైననే ఆధారపడకుండ నున్నదా యనియు అడుగును. సైనికుని జీతమును, రైతు చెరువును ఒక్క సభలో, ఒక్క నోట, ఒక్క రాజును అడిగెను. ఒకటి చూపి రెండవదానిని దాటవేయుటకు ఆ రాజునకు వీలులేకపోయెను.

నేడు రాజు లేడు. రాజ్యము మనది, లెక్కయు మనదే. రాబోవు బడ్జెటు సమావేశములకు ముందు మన గ్రంథాలయములలో, పురమందిరములలో పెద్దలు కూడి తమ పార్లమెంటు సభ్యుని పిలిపించి, రక్షణశాఖ కోరికపై మీరేమి మాట్లాడిరి, ఏమి మాట్లాడబోవుచున్నారని అడుగవలెను. ఆయన నూటికి రెండనియో, మూడనియో చెప్పి లేవబోయినచో కూర్చుండబెట్టి, ఏ కుప్పలో, ఎవరికై, దేనికై యని మరల అడుగవలెను.